ఊళ్లో ఇంటికి ఎన్‌వీఆర్ ఎలా ఎంచుకోవాలి? గోరంట్ల ఇంటి లెక్కతో పూర్తి గైడ్

సీసీ కెమెరాల గురించి నన్ను అడిగే ఫ్రెండ్స్ అందరిదీ మొదటి ప్రశ్న ఒకటే: "ఎన్ని మెగాపిక్సెల్ తీసుకోవాలి బ్రో?" కెమెరా గురించి గంటసేపు మాట్లాడతారు. ఆ వీడియోను దాచిపెట్టే పెట్టె, అంటే ఎన్‌వీఆర్ దగ్గరికి వచ్చేసరికి "షాపాయన ఏదో ఒకటి ఇస్తాడులే" అని వదిలేస్తారు. ఇంట్లో దొంగలు పడ్డాక పోలీసులు అడిగేది మాత్రం ఆ పెట్టెలో ఉన్న వీడియోనే.

మార్కెట్లో ఉన్న గైడ్లు ఎక్కువగా సిటీ అపార్ట్‌మెంట్‌ను దృష్టిలో పెట్టుకుని రాసినవి. కరెంటు పోదు, ఫైబర్ ఆగదు, ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు అనే లెక్కలో ఉంటాయి. అందుకే నేను ఇక్కడ గోరంట్లను తీసుకుంటున్నా. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడే వరకు ఇది అనంతపురం జిల్లాలోనిదే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దాకా మాత్రమే వాన పడే కరువు నేల. వేరుశనగ మీద నమ్మకం పోయి, పిల్లలు బెంగళూరులో పని చూసుకున్న ఇళ్లు ఇక్కడ చాలా ఉంటాయి. ఇంట్లో అమ్మానాన్న ఇద్దరే ఉంటారు, లేదంటే ఇంటికి తాళమే. ఉగాదికో దసరాకో వచ్చి తలుపు తీస్తే బీరువా తెరిచి ఉంటుంది. ఎప్పుడు జరిగిందో ఎవరూ చెప్పలేరు.

కాబట్టి ఎన్‌వీఆర్ కొనేముందు వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న ఇది: దొంగతనం జరిగితే మనకు ఎన్ని రోజులకు తెలుస్తుంది? ఆ రోజుల సంఖ్య నుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ వస్తే ఏ హార్డ్‌డిస్క్, ఏ రికార్డర్, ఎంత బ్యాకప్ కావాలో అన్నీ వాటంతట అవే తేలిపోతాయి. ఒక్కో స్టెప్ చూద్దాం.

ముందు మూడు పదాలు క్లియర్ చేసుకుందాం

డీవీఆర్ అంటే పాత తరహా రికార్డర్. కెమెరా నుంచి కోయాక్సియల్ కేబుల్‌లో అనలాగ్ సిగ్నల్ వస్తుంది, రికార్డర్ దాన్ని డిజిటల్‌గా మార్చి దాస్తుంది. ఎన్‌వీఆర్‌లో ఆ పని కెమెరాయే చేసేస్తుంది. కుదించిన వీడియోను నెట్‌వర్క్ కేబుల్‌లో పంపిస్తుంది, ఎన్‌వీఆర్ దాన్ని అందుకుని డిస్క్‌లో రాస్తుంది. ఇంట్లో ఇప్పటికే కోయాక్సియల్ వైరింగ్ మంచి కండిషన్‌లో ఉంటే డీవీఆర్‌తో కొనసాగినా నష్టం లేదు. కొత్తగా పెట్టేవాళ్లయితే ఎన్‌వీఆర్‌కే వెళ్లండి.

మూడోది క్లౌడ్ కెమెరా. వైఫైకి కనెక్ట్ చేస్తే వీడియో కంపెనీ సర్వర్‌కు వెళ్తుంది. సెటప్ ఐదు నిమిషాల పని. కానీ రోజంతా రికార్డింగ్ కావాలంటే లెక్క మారిపోతుంది. నాలుగు కెమెరాలు ఒక్కొక్కటి 3 ఎంబీపీఎస్ చొప్పున పంపితే మొత్తం 12 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఆగకుండా నడవాలి. నెలకు అది దాదాపు 3.9 టీబీ అవుతుంది. జియోఫైబర్ లాంటి హోమ్ ప్లాన్లలో అన్‌లిమిటెడ్ అంటూనే నెలకు 3.3 టీబీ పరిమితి పెడతారు. ఎయిర్‌ఫైబర్‌లో అయితే అది 1 టీబీయే. పైగా ఇంటికి తాళం వేసి వెళ్లాక రీచార్జ్ అయిపోయినా, వీధిలో ఫైబర్ తెగినా రికార్డింగ్ ఆగిపోతుంది. ఎన్‌వీఆర్‌కు రికార్డ్ చేయడానికి ఇంటర్నెట్ అక్కర్లేదు. ఫోన్‌లో చూడటానికి, అలర్ట్ రావడానికి మాత్రమే నెట్ కావాలి.

స్టెప్ 1: ఎన్ని రోజులు కావాలి?

షాపుల్లో మామూలుగా "ఒక వారం వస్తుంది సార్, చాలు" అంటారు. రోజూ ఇంట్లో ఉండేవాళ్లకు నిజంగానే చాలు. నెలకోసారి బెంగళూరు నుంచి వచ్చేవాళ్లకు చాలదు. డిస్క్ నిండగానే ఎన్‌వీఆర్ పాత వీడియో మీదే కొత్తది రాసేస్తుంది. వారం రోజుల డిస్క్ పెట్టి ఇరవై రోజులకు ఊరికొస్తే, మనకు కావాల్సిన రాత్రి ఎప్పుడో చెరిగిపోయి ఉంటుంది.

నేను సొంతూరి ఇళ్లకు 30 రోజులు అని లెక్క వేస్తా. ఈ అంకె గాల్లోంచి తీసుకున్నది కాదు. జనం ఎక్కువగా వచ్చే వాణిజ్య సంస్థలు కెమెరాలు పెట్టి, వీడియోను 30 రోజులు దాచాలని ఆంధ్రప్రదేశ్ ప్రజా భద్రత చట్టం 2013లోనే చెప్పింది. సొంత ఇళ్లకు ఆ చట్టం వర్తించదు. అయినా నెలకోసారి ఊరికొచ్చేవాళ్లకు అదే కొలత సరిగ్గా సరిపోతుంది.

స్టెప్ 2: కెమెరా ఎంత డేటా పంపుతుంది?

ఇక్కడ ఒక్క సూత్రం గుర్తుపెట్టుకుంటే చాలు. 1 ఎంబీపీఎస్ వేగంతో ఆగకుండా రికార్డ్ చేస్తే రోజుకు 10.8 జీబీ. రోజుకు 86,400 సెకన్లు, 8 బిట్లు కలిస్తే ఒక బైట్. అంతే లెక్క. మీ కెమెరాల బిట్‌రేట్లన్నీ కలిపి 10.8తో గుణిస్తే రోజుకు ఎన్ని జీబీలో వచ్చేస్తుంది.

మరి బిట్‌రేట్ ఎంత పెట్టాలి? అది మీరు ఏం చూడాలనుకుంటున్నారో దాన్ని బట్టి ఉంటుంది. సీసీటీవీ డిజైన్‌కు ఐఈసీ 62676-4 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. తెలియని మనిషి ముఖాన్ని గుర్తుపట్టాలంటే ఆ చోట మీటరు వెడల్పుకు 250 పిక్సెల్స్ ఉండాలి. తెలిసిన మనిషిని పోల్చుకోవడానికి 125 చాలు. అక్కడ ఎవరో ఉన్నారని తెలియడానికి 25 చాలు.

దీన్ని మన గేటుకు అన్వయిద్దాం. 4 మెగాపిక్సెల్ కెమెరా చిత్రం వెడల్పు 2560 పిక్సెల్స్. 250తో భాగిస్తే సుమారు 10 మీటర్లు. అంటే దృశ్యం వెడల్పు 10 మీటర్లు దాటని దూరం వరకే ముఖం పక్కాగా తెలుస్తుంది. అందరూ పెట్టే 2.8 ఎంఎం వైడ్ లెన్స్‌తో అది కెమెరా నుంచి నాలుగు మీటర్ల దగ్గరే అయిపోతుంది. 4 ఎంఎం లెన్స్ తీసుకుంటే ఆరు మీటర్ల దాకా వస్తుంది. అందుకే గేటుకు 4 మెగాపిక్సెల్, 4 ఎంఎం లెన్స్ పెట్టమని చెప్తా. వరండా, పెరడు, పశువుల కొట్టం దగ్గర ఎవరు తిరుగుతున్నారో తెలిస్తే చాలు కాబట్టి 2 మెగాపిక్సెల్ సరిపోతుంది. నాలుగు చోట్లా 4కే పెడితే డిస్క్ తొందరగా నిండుతుంది తప్ప పెరట్లో అదనంగా తెలిసేది ఏమీ ఉండదు.

హెచ్.265 కోడెక్‌తో నేను పెట్టుకునే గరిష్ఠ బిట్‌రేట్లు ఇవి:

- గేటు కెమెరా, 4 మెగాపిక్సెల్: 4 ఎంబీపీఎస్
- మిగతా మూడు, 2 మెగాపిక్సెల్: ఒక్కొక్కటి 2 ఎంబీపీఎస్
- మొత్తం: 10 ఎంబీపీఎస్

రోజుకు 108 జీబీ. ముప్పై రోజులకు 3,240 జీబీ. కాబట్టి కొనాల్సింది 4 టీబీ డిస్క్. కాగితం మీద 37 రోజులు వస్తుంది, సిస్టమ్ వాడుకునే చోటు పోగా 35 అనుకోండి. ఎన్‌వీఆర్ మెనూలో 4 టీబీ డిస్క్ 3,700 చిల్లర జీబీగా కనిపిస్తే కంగారు పడొద్దు, అది 1024తో లెక్కపెట్టడం వల్ల వచ్చే తేడా.

ఇదే సెటప్‌లో పాత హెచ్.264 కోడెక్ వాడితే అదే క్వాలిటీకి దాదాపు రెట్టింపు డేటా అవుతుంది. అంటే 37 రోజులు 18 రోజులకు పడిపోతాయి. హెచ్.265 ప్రమాణం 2013లోనే వచ్చింది. ఇప్పుడు కొనే కెమెరాలో, రికార్డర్‌లో రెండింటిలోనూ అది ఉండాలి. ఒక్కదాంట్లోనే ఉంటే ఉపయోగం లేదు.

"మోషన్ రికార్డింగ్ పెడితే డిస్క్ మిగులుతుంది కదా" అని అడగొచ్చు. మిగులుతుంది. కానీ మన దగ్గర దుమ్ముతో గాలి లేచినా, ఇన్‌ఫ్రారెడ్ వెలుతురుకు పురుగులు మూగినా, కెమెరా మీద బల్లి పాకినా మోషనే. మరోపక్క నిజంగా మనిషి మెల్లగా నడిచినప్పుడు మొదటి రెండు సెకన్లు మిస్ అయ్యే అవకాశమూ ఉంది. నేను చెప్పేది: రికార్డింగ్ రోజంతా పెట్టండి. మోషన్‌ను, అందులోనూ మనిషి-వాహనం గుర్తించే ఫీచర్‌ను, ఫోన్‌కు అలర్ట్ పంపడానికీ ప్లేబ్యాక్‌లో తొందరగా వెతకడానికీ మాత్రమే వాడండి.

స్టెప్ 3: డిస్క్ ఏది?

వెస్టర్న్ డిజిటల్ పర్పుల్, సీగేట్ స్కైహాక్ లాంటివి సర్వైలెన్స్ డ్రైవ్‌లు. ఏడాదికి 180 టీబీ పనిభారానికి రేట్ చేసినవి. మన సెటప్ ఏడాదికి రాసేది 40 టీబీ లోపే. మరి 55 టీబీ రేటింగ్ ఉన్న మామూలు డెస్క్‌టాప్ డ్రైవ్ సరిపోదా? ఇక్కడ చూడాల్సింది గంటలు. సీగేట్ బారకుడా లాంటి డెస్క్‌టాప్ డ్రైవ్‌ను ఏడాదికి 2,400 గంటల వాడకానికి రేట్ చేశారు. ఏడాదికి ఉన్నవి 8,760 గంటలు. ఎన్‌వీఆర్‌లో డిస్క్ ఒక్క గంట కూడా ఆగదు. పాత కంప్యూటర్‌లోంచి పీకిన డిస్క్ పెట్టొద్దని చెప్పేది ఇందుకే.

హిందూపురంలో కొన్నా, బెంగళూరు ఎస్‌పీ రోడ్డులో కొన్నా, డిస్క్ మీద సీరియల్ నంబర్ చూసి కంపెనీ సైట్‌లో వారంటీ చెక్ చేయండి. బిగించాక ఎన్‌వీఆర్ మెనూలో స్మార్ట్ రిపోర్ట్ తెరిచి "పవర్ ఆన్ అవర్స్" చూడండి. కొత్త డిస్క్ అయితే అది సున్నాకు దగ్గరగా ఉండాలి. వేలల్లో ఉంటే అది వాడి తుడిచి అమ్మిన డిస్క్ అన్నమాట, అక్కడికక్కడే వెనక్కి ఇచ్చేయండి.

స్టెప్ 4: ఎన్‌వీఆర్ స్పెక్ షీట్‌లో ఏం చూడాలి?

ఇప్పుడు పెట్టె దగ్గరికి వద్దాం. బాక్స్ మీద పెద్దక్షరాల్లో "4కే, 8 ఛానెల్" అని ఉంటుంది. అసలు చూడాల్సినవి లోపలి కాగితంలో ఉంటాయి.

ఛానెళ్లు: ఇవాళ నాలుగు కెమెరాలు అనుకున్నవాళ్లకు ఏడాది తిరిగేసరికి బోరు మోటారు స్టార్టర్ దగ్గర ఒకటి, మేడ మీద ఒకటి కావాలనిపిస్తుంది. 8 ఛానెళ్లది తీసుకోండి.

ఇన్‌కమింగ్ బ్యాండ్‌విడ్త్: ఎన్‌వీఆర్ మొత్తం మీద ఎంత డేటా అందుకోగలదో చెప్పే అంకె. చిన్న మోడళ్లలో 40 ఎంబీపీఎస్ అని కనిపిస్తుంది. మన 10 ఎంబీపీఎస్‌కు ఇది ధారాళం. అదే ఎనిమిది 4కే కెమెరాలను 8 ఎంబీపీఎస్ చొప్పున పెడితే 64 అవుతుంది, పెట్టె తట్టుకోలేదు. "8 ఛానెల్, 4కే" అని రాసినంత మాత్రాన ఎనిమిదీ 4కేలో నడుస్తాయని కాదు.

డీకోడింగ్ సామర్థ్యం: రికార్డ్ చేయడం వేరు, టీవీలో ఒకేసారి చూపించడం వేరు. అన్ని కెమెరాలనూ ఒకేసారి పూర్తి క్వాలిటీలో ప్లేబ్యాక్ చేయాలంటే ఈ అంకె చూడాలి. ఇంటి వాడకానికి ఇది చివరి ప్రాధాన్యం.

డిస్క్ పరిమితి: ఒక సాటా స్లాట్ చాలు. కానీ అది ఎంత సైజు వరకు తీసుకుంటుందో చూడండి. రేపు కెమెరాలు పెరిగితే 4 నుంచి 8 టీబీకి వెళ్లగలగాలి.

ఓన్‌విఫ్: వేర్వేరు కంపెనీల కెమెరాలు, రికార్డర్లు కలిసి పనిచేయడానికి యాక్సిస్, బాష్, సోనీ కలిసి 2008లో మొదలుపెట్టిన ప్రమాణం. ప్రొఫైల్ ఎస్ అంటే ప్రాథమిక వీడియో, ప్రొఫైల్ టీ అంటే హెచ్.265తో సహా కొత్త ఫీచర్లు. రెండూ ఉన్నది తీసుకుంటే రేపు ఒక కెమెరా పాడైనా అదే కంపెనీ కోసం వెతుక్కోనక్కర్లేదు. కాకపోతే వేరే కంపెనీ కెమెరా పెట్టినప్పుడు మనిషిని గుర్తించే అలర్ట్‌ల వంటివి కొన్ని పనిచేయకపోవచ్చు.

పీఓఈ పోర్టులు: దీనికి విడిగా ఒక మాట చెప్పాలి.

పీఓఈ ఎందుకు తీసుకోవాలి?

పీఓఈ అంటే నెట్‌వర్క్ కేబుల్‌లోనే కరెంటు కూడా పంపడం. 802.3ఏఎఫ్ ప్రమాణంలో ఒక పోర్టు 15.4 వాట్ల దాకా ఇస్తుంది, కేబుల్‌లో పోయింది పోగా కెమెరాకు 12.95 వాట్లు అందుతాయి. మామూలు బుల్లెట్ కెమెరాకు ఆరేడు వాట్లు చాలు. కేబుల్ పొడవు 100 మీటర్ల దాకా వెళ్లొచ్చు.

దీనివల్ల ఊళ్లో అసలు లాభం ఏంటంటే, కెమెరాల దగ్గర విడిగా అడాప్టర్లు ఉండవు. కరెంటు మొత్తం ఎన్‌వీఆర్ దగ్గర నుంచే వెళ్తుంది కాబట్టి ఆ ఒక్కచోట బ్యాకప్ ఇస్తే అన్నీ నడుస్తాయి. వైఫై కెమెరాలతో ఇది కుదరదు, ప్రతి కెమెరాకూ విడిగా బ్యాకప్ వెతుక్కోవాలి. కేబుల్ కొనేటప్పుడు పూర్తి రాగిది అడగండి. అల్యూమినియం మీద రాగి పూత పూసిన కేబుల్ చవగ్గా వస్తుంది గానీ, దూరం పెరిగేకొద్దీ వోల్టేజీ పడిపోయి రాత్రి ఇన్‌ఫ్రారెడ్ వెలగగానే కెమెరా రీస్టార్ట్ అవుతుంది. అలాగే ఎన్‌వీఆర్ మొత్తం పీఓఈ బడ్జెట్ ఎన్ని వాట్లో చూసి, కెమెరాలన్నింటి వాట్లతో పోల్చుకోండి.

స్టెప్ 5: కరెంటు లెక్క

మా మామకు ఈ ప్లాన్ అంతా చెప్తే ఒకటే అడిగినాడు: "అంతా బాగానే ఉంది గానీ అబ్బీ, కరెంటు పోయినప్పుడు దొంగోడు వస్తే నీ పెట్టె ఏం జేస్తాది?" స్పెక్ షీట్లలో కనిపించని ప్రశ్న ఇది.

లెక్క వేద్దాం. ఎన్‌వీఆర్‌కు సుమారు 10 వాట్లు, డిస్క్‌కు 5, నాలుగు కెమెరాలకు 24, రూటర్‌కూ ఫైబర్ పెట్టెకూ కలిపి 12. మొత్తం 51 వాట్లు.

కంప్యూటర్ షాపుల్లో దొరికే 600 వీఏ యూపీఎస్‌లో మామూలుగా 12 వోల్టుల, 7 ఏహెచ్ బ్యాటరీ ఉంటుంది. అంటే 84 వాట్ అవర్లు. నష్టాలు పోగా ముక్కాల్ గంట నుంచి గంట దాకా నడుస్తుంది. చిన్న కోతలకు పనికొస్తుంది, గాలివానకు స్తంభం పడిన రాత్రికి పనికిరాదు.

ఇంటి ఇన్వర్టర్ 12 వోల్టుల, 150 ఏహెచ్ బ్యాటరీ అయితే 1,800 వాట్ అవర్లు. మంచి కండిషన్‌లో ఉంటే 1,150 దాకా వాడుకోవచ్చు అనుకుందాం. కెమెరాల సెటప్ ఒక్కటే ఉంటే 22 గంటలు. దాంతోపాటు 75 వాట్ల మామూలు ఫ్యాన్లు రెండు, 20 వాట్ల లైట్లు నడిస్తే ఐదు గంటలు. ఆ రెండు ఫ్యాన్లను 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లుగా మారిస్తే దాదాపు తొమ్మిది గంటలు. బ్యాకప్ పెంచడానికి కొత్త బ్యాటరీ కొనేముందు ఫ్యాన్లు మార్చడం గురించి ఆలోచించండి.

ఇన్వర్టర్ వాడేవాళ్లకు రెండు జాగ్రత్తలు. ఒకటి, దాని వెనక "యూపీఎస్ మోడ్" స్విచ్ ఉంటే ఆన్ చేయండి. లేకపోతే కరెంటు మారే ఆ క్షణంలో ఎన్‌వీఆర్ రీస్టార్ట్ అవుతుంది, మాటిమాటికీ అలా జరిగితే డిస్క్ దెబ్బతింటుంది. రెండోది ఇంకా ముఖ్యం. ఊరెళ్లేటప్పుడు మనవాళ్లకు మెయిన్ స్విచ్ ఆపేసి వెళ్లడం అలవాటు. అలా ఆపితే ఇన్వర్టర్ చార్జింగ్ కూడా ఆగిపోతుంది, మరుసటి రోజుకు కెమెరాలన్నీ ఆరిపోతాయి. ఇంట్లో మనుషులు లేని రోజుల కోసమే కదా ఇదంతా పెట్టింది! ఎలక్ట్రీషియన్‌తో ఇన్వర్టర్‌కు విడిగా ఒక ఎంసీబీ పెట్టించి, దాని మీద "ఆపకూడదు" అని తెలుగులో పెద్దగా రాసి అతికించండి.

ఎండ, దుమ్ము, పిడుగు

ఎన్‌వీఆర్‌ను చాలామంది అటక మీద పెడతారు. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర బయటే 40 డిగ్రీలు దాటుతుంది, స్లాబు కింద అటక మీద ఇంకా ఎక్కువ ఉంటుంది. ఎన్‌వీఆర్‌లు సాధారణంగా 55 డిగ్రీల వరకే రేట్ అయి ఉంటాయి, లోపల డిస్క్ తన వేడి తాను కలుపుతుంది. నడుము ఎత్తులో, గాలి ఆడే చోట, గోడకు నాలుగు వేళ్లు ఎడంగా పెట్టండి. ఆరు నెలలకోసారి దుమ్ము ఊదించండి.

వేసవి చివర్లో వచ్చే ఉరుముల వాన ఇంకో ప్రమాదం. ఇంటి నుంచి కొట్టం దాకా బయట లాగిన కేబుల్ మీదుగా సర్జ్ వచ్చి పోర్టులు కాలిపోతాయి. బయటి కేబుల్‌కు పీఓఈ సర్జ్ ప్రొటెక్టర్ పెట్టించండి. అది పనిచేయాలంటే ఎర్తింగ్ బాగుండాలి. నేల ఎండిపోతే ఎర్తింగ్ నిరోధం పెరుగుతుంది, మన నేల ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండే ఉంటుంది. ఎర్త్ గుంతలో వేసవిలో అప్పుడప్పుడు నీళ్లు పోయమని పెద్దవాళ్లు చెప్పేది ఊరికే కాదు.

పెట్టెనే ఎత్తుకుపోతే?

టీవీ పక్కన మెరుస్తూ కనిపించే ఎన్‌వీఆర్‌ను దొంగ వదలడు. దాన్ని లోపలి గదిలో, గాలి తగిలే చిల్లులున్న ఇనుప పెట్టెలో తాళం వేసి బిగించండి. గేటు కెమెరాలో మెమరీ కార్డ్ స్లాట్ ఉంటే ఒక 128 జీబీ హై ఎండ్యూరెన్స్ కార్డ్ వేయండి. 4 ఎంబీపీఎస్ చొప్పున అది దాదాపు మూడు రోజుల వీడియో పట్టుకుంటుంది. మనిషిని గుర్తించిన అలర్ట్ ఫోటోలు ఫోన్‌కు వచ్చేలా పెట్టుకుంటే, పెట్టె పోయినా ముఖం మీ దగ్గర ఉంటుంది.

పాస్‌వర్డ్, ప్రభుత్వ నిబంధన

2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని డీవీఆర్‌లను, ఐపీ కెమెరాలను లక్షల్లో పట్టుకుంది. ఆ ఏడాది అక్టోబర్ 21న వాటితోనే డైన్ కంపెనీ మీద దాడి చేస్తే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటి సైట్లు గంటల తరబడి చాలామందికి తెరుచుకోలేదు. మన ఇంట్లోని పెట్టె కూడా అలాంటి కంప్యూటరే. పాస్‌వర్డ్ మార్చండి, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయండి, రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ చేయొద్దు. అడ్మిన్ పాస్‌వర్డ్ బిగించినాయన దగ్గరే ఉండిపోకుండా మీరే మార్చుకోండి. అమ్మానాన్నల ఫోన్‌లో చూడటానికి మాత్రమే పనికొచ్చే యూజర్ అకౌంట్ ఇవ్వండి.

మన దేశంలో అమ్మే సీసీ కెమెరాలకు భద్రతా పరీక్షలు తప్పనిసరి చేస్తూ కేంద్రం 2024 ఏప్రిల్‌లో నోటిఫికేషన్ ఇచ్చింది. 2025 ఏప్రిల్ 9 నుంచి అది అమల్లో ఉంది. కాబట్టి పాత స్టాక్ చవగ్గా ఇస్తామంటే ఆగి ఆలోచించండి. ఎస్‌టీక్యూసీ సర్టిఫికెట్ ఉన్న మోడలేనా అని అడగండి.

గడియారం, కోర్టు

వీడియో ఉంటే సరిపోదు, అందులో టైమ్ కరెక్ట్‌గా ఉండాలి. ఎన్‌వీఆర్ లోపలి చిన్న బటన్ సెల్ అయిపోతే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ ఎక్కడికో వెళ్లిపోతుంది. సెట్టింగ్స్‌లో టైమ్ జోన్ 5:30గా పెట్టి, ఎన్‌టీపీ ఆన్ చేసి, డేలైట్ సేవింగ్ ఆఫ్ చేయండి.

2024 జూలై 1 నుంచి ఎవిడెన్స్ యాక్ట్ స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది. పాత 65బీ స్థానంలో ఇప్పుడు సెక్షన్ 63 ఉంది. పెన్‌డ్రైవ్‌లో కాపీ ఇస్తే దాంతోపాటు ఏ పరికరం నుంచి తీశారో చెప్పే సర్టిఫికెట్, ఫైల్ హ్యాష్ విలువ ఉండాలి. మనం చేయాల్సింది సింపుల్: ఘటన తెలియగానే ఆ భాగాన్ని ఎన్‌వీఆర్‌లో లాక్ చేయండి, ఒరిజినల్ ఫార్మాట్‌లో రెండు కాపీలు తీయండి, ఎడిట్ చేయొద్దు, మోడల్, సీరియల్ నంబర్ రాసి పెట్టుకోండి. టీవీ స్క్రీన్‌ను ఫోన్‌తో షూట్ చేసిన వాట్సాప్ వీడియో ఊళ్లో తిప్పడానికి పనికొస్తుంది, కేసుకు బలం ఇవ్వదు.

పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ సంగతి

ఆంధ్రప్రదేశ్ పోలీసులకు లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్ ఉంది. యాప్‌లో రిజిస్టర్ అయి, ఊరెళ్లే తేదీలు చెబితే ఇంట్లో కదలికను పసిగట్టే కెమెరా పెడతారు, అలర్ట్ కంట్రోల్ రూమ్‌కు వెళ్తుంది. పెళ్లికో తీర్థయాత్రకో వెళ్లే నాలుగు రోజులకు మంచి సదుపాయం. మీ స్టేషన్‌లో ముందుగా అడిగి వాడుకోండి. నెలల తరబడి తాళం ఉండే ఇంటికి మాత్రం సొంత రికార్డర్ ఉండాల్సిందే.

నా ఫైనల్ లిస్ట్

- 8 ఛానెళ్ల పీఓఈ ఎన్‌వీఆర్, హెచ్.265, ఓన్‌విఫ్ ఎస్ మరియు టీ
- 4 టీబీ సర్వైలెన్స్ డిస్క్
- గేటుకు 4 మెగాపిక్సెల్, 4 ఎంఎం లెన్స్. మిగతా మూడు 2 మెగాపిక్సెల్
- పూర్తి రాగి క్యాట్ 6 కేబుల్, బయటి లైన్లకు సర్జ్ ప్రొటెక్టర్
- ఇన్వర్టర్‌కు విడి ఎంసీబీ

బడ్జెట్ తక్కువైతే కెమెరాల సంఖ్య తగ్గించండి, రెండుతో మొదలుపెట్టండి. డిస్క్‌లో, కేబుల్‌లో, బ్యాకప్‌లో మాత్రం కోత వేయొద్దు. కెమెరా రేపైనా కలపొచ్చు.

బిగించినాయనకు చివరి డబ్బులు ఇచ్చేముందు ఈ నాలుగు టెస్టులు ఆయన ముందే చేయండి. ఒకటి, రూటర్ ఆపేసి పది నిమిషాల తర్వాత ఆ పది నిమిషాల వీడియో ఉందో చూడండి. రెండు, మెయిన్ ఆపి ఎన్‌వీఆర్ రీస్టార్ట్ కాకుండా నడుస్తుందో చూడండి. మూడు, రాత్రి లైట్లన్నీ ఆపి ఒకరిని గేటు దగ్గర నిలబెట్టి ముఖం తెలుస్తుందో చూడండి. నాలుగు, ఒక క్లిప్‌ను పెన్‌డ్రైవ్‌లోకి తీసి ల్యాప్‌టాప్‌లో ప్లే చేయండి. ముప్పై రోజులయ్యాక మొదటి రోజు వీడియో ఇంకా ఉందో లేదో బెంగళూరు నుంచే ఫోన్‌లో ఒకసారి చెక్ చేసుకోండి.